ఎడ్వర్డ్ బేట్స్‌ను నిండు సభలో పేరు పెట్టి నిలదీయడం న్యాయమేనా?

తీరవాసి:
1875 జూలై 22న, ఓడల భద్రత కోసం తెచ్చిన వ్యాపార నౌకల బిల్లును ఈ సమావేశాలకు వదిలేస్తున్నామని బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ ప్రకటించాడు. నావికుల ప్రాణాల కోసం పోరాడుతున్న పార్లమెంటు సభ్యుడు (డెర్బీ) శామ్యూల్ ప్లిమ్సోల్ కోపం పట్టలేకపోయాడు. టెథిస్, మెల్బోర్న్, నోరా గ్రేమ్ అనే ఓడలు 1874లో పోయి 87 మంది చనిపోయారు, ఈ ఏడాది మరో రెండింటిని సిబ్బంది వదిలేశారు, వీటి యజమాని ఎడ్వర్డ్ బేట్స్ అంటే ప్లిమత్ సభ్యుడేనా అని అడిగాడు. ఆ ఊపులోనే ‘దుర్మార్గులు’ అనేశాడు.

బేట్స్ బొంబాయి వ్యాపారంలో ఎదిగి, లివర్‌పూల్‌లో ఓడల యజమాని అయిన మనిషి. 1871లో కన్జర్వేటివ్‌గా గెలిచాడు. ఏ ఓడ ఎందుకు మునిగిందో తేలకముందే ఆయన్ని హంతకుల వరసలో నిలబెట్టడం నాకు తప్పుగా తోస్తుంది. సభలో అన్న మాట మీద పరువు నష్టం దావా నడవదు. అంటే, బేట్స్‌కు కోర్టు మెట్లెక్కే వీలు లేనిచోట నిలబడి కొట్టిన దెబ్బ అది. ప్లిమ్సోల్ చేసిన మేలు పెద్దదే, కాదనను. దానితో ఈ పద్ధతి ఒప్పయిపోదు.

విశాఖ సరంగు:
నేను సరుకు ఓడల్లో పనిచేశానండి. ఓడ ఎంతవరకు మునగొచ్చో చూపించే గీత దాని పక్కన ఉంటుంది, ప్లిమ్సోల్ గీత అంటారు. లోడింగ్ అయ్యాక అది నీళ్ళకి ఎంత పైన ఉందో చూసుకోకుండా రేవు వదలం. ఆ గీత లేని రోజుల్లో ఎంత ఎక్కించాలో యజమాని ఇష్టం. మునిగితే ఆయనకు బీమా డబ్బు వస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టాక ‘ఈ ఓడ ఎక్కను’ అన్న నావికుణ్ణి జైల్లో వేసేవారు! ఎన్నికల రోజుకి సముద్రం మీద ఉండేవాడికి ఓటున్నా లేనట్టే. యజమానులకేమో సభలోనే కుర్చీలు. బేట్స్‌కు కోర్టు దారి లేదంటున్నారు, ఆ 87 మందికి ఏ దారి ఉండేది?

తీరవాసి:
వాళ్ళకి కావలసింది చట్టం, ఒకరి పేరు కాదు. పైగా ప్లిమ్సోల్ లిబరల్, బేట్స్ అధికారపక్షం. రాజకీయం లేదంటారా?

పాత కాగితాలు:
పార్టీ మాట నిలవదు. 1873లో ప్లిమ్సోల్ వేసిన పుస్తకంలో తనను నిందించాడని కోర్టుకెక్కింది హల్ సభ్యుడు చార్లెస్ నార్వుడ్. ఆయనా ఓడల యజమానే, పైగా లిబరల్. సొంత పక్షాన్నీ వదల్లేదు, సభ బయట రాసి దావా ఎదుర్కోవడానికీ వెనకాడలేదు.

జూలై 29న ప్లిమ్సోల్ సభకు క్షమాపణ చెప్పాడు. అయితే అది వాడిన భాషకే, చెప్పిన సంగతులు వెనక్కి తీసుకోలేదు. ఈలోగా దేశంలో అలజడి చూసి, బిల్లు వదిలేసిన ప్రభుత్వమే ఆగస్టులో తాత్కాలిక చట్టం తెచ్చింది. మర్యాదగా కూర్చుని ఉంటే అది వచ్చేదా?

విశాఖ సరంగు:
1876 చట్టం సంగతి కూడా చెప్పండి. గీత తప్పనిసరి అన్నారు, ఎక్కడ గీయాలో మాత్రం యజమానికే వదిలేశారు. దాన్ని ప్రభుత్వ లెక్క ప్రకారం గీయాలని చెప్పడానికి 1890 దాకా పట్టింది. ఓడలున్నవాళ్ళు ఓడల చట్టం రాస్తే అలాగే ఉంటుంది. నా కోపమంతా ఇక్కడే.

కృష్ణవేణి:
బేట్స్ ఏం నష్టపోయాడని ఇంత బాధ? 1880లో బారోనెట్ అనే వంశపారంపర్య బిరుదు వచ్చింది. అదే ఏడాది ఎన్నికల పిటిషన్‌లో సీటు పోయింది కానీ, 1885లో ప్లిమత్ మళ్ళీ గెలిపించింది, 1892 దాకా సభలోనే ఉన్నాడు.

తీరవాసి:
గెలిచాడు కాబట్టి నింద తగల్లేదనడం కుదరదండి. నిజంగా తప్పు చేసి ఉంటే విచారణ జరిపి శిక్షించాలి, లేదంటే మచ్చ తుడవాలి.

పాత కాగితాలు:
ప్లిమ్సోల్ అడిగిందీ దాదాపు అదే. బేట్స్ పేరు చదివింది వాణిజ్య శాఖ మంత్రి ఆడర్లీకి ప్రశ్న నోటీసు ఇస్తూ. తీర్పు చెప్పలేదు, జవాబు అడిగాడు.

తీరవాసి:
నోటీసు వరకు నాకూ అభ్యంతరం లేదు. అడిగినవాడు జవాబు వచ్చేదాకా ఆగాలి. ‘దుర్మార్గులు’ అన్న మాట జవాబు కంటే ముందే వచ్చేసింది.