ఉప్పు చూడబుద్ధి కావడం లేదు

కూకట్‌పల్లి కర్రీ పాయింట్:
ఆరేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి బోయిన్‌పల్లి మార్కెట్, పదిన్నరకల్లా పన్నెండు రకాల కూరలు, రాత్రి పదికి షట్టరు. గుత్తి వంకాయ పొడి ఇంకొకరి చేతికి ఇచ్చేదాన్ని కాదు. అలాంటిది, రెండు నెలలుగా ఉప్పు సరిపోయిందో లేదో కూడా వంటమనిషినే అడుగుతున్నాను. మొన్న ఒక పెద్దాయన "అమ్మా, పప్పుచారు బాగుంది" అంటే విసుగొచ్చింది. పాపం, ఆయన చేసిన తప్పేమిటి? ఆదివారం మధ్యాహ్నం మూసి పడుకున్నా సోమవారం కాళ్లు కదలవు. మావారు బద్ధకం అంటున్నారు. ఉద్యోగస్తులైతే సెలవు పెడతారు, నేను ఎవరికి పెట్టాలి? ఇది బద్ధకమా, జబ్బా?

సైకాలజీ పంతులు:
బద్ధకస్తులు ఆరేళ్లపాటు నాలుగింటికి లేవరండీ. మీరు చెబుతున్నది బర్నౌట్‌లాగే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, పని వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఏదీ సరిగా చేయలేకపోతున్నామన్న భావన దాని గుర్తులు. పని మీద ప్రాణం పెట్టేవారికీ ఇది రావచ్చు. అయితే ఇంట్లో పిల్లల మాటలు కూడా పట్టకపోతే కుంగుబాటేమో చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా వాయిదా వేయకండి.

జీడిమెట్ల లేత్:
అక్కా, మీకు రావలసిన బకాయిలు ఎంత? నాకు లేత్ అంటే ప్రాణం. రెండేళ్ల క్రితం దాని చప్పుడు వింటేనే తల పగిలిపోయేది. తీరా చూస్తే నన్ను తినేసింది యంత్రం కాదు, బిల్లుల కోసం రోజూ బతిమాలడం.

కూకట్‌పల్లి కర్రీ పాయింట్:
సరిగ్గా పట్టుకున్నారు తమ్ముడూ! ఒక ఆఫీసుకు రోజూ నలభై భోజనాలు పంపుతున్నాను. మూడు నెలల బిల్లు, లక్షా ఎనభై వేలు, ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే "మేడం, సోమవారం" అంటారు. ఏ సోమవారమో చెప్పరు.

జీడిమెట్ల లేత్:
ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉందా? ఉంటే 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఒప్పందం ఏదైనా బిల్లు చెల్లించే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీనికోసం ఉన్న ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ముందు చట్టం పేరు పెట్టి ఒక ఉత్తరం పంపండి. నాకు ఉత్తరంతోనే సగం వచ్చింది. మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నాను, అది వేరే కథ.

కూకట్‌పల్లి కర్రీ పాయింట్:
నమోదు ఉంది, లోను కోసం ఎప్పుడో చేయించాము. ఉత్తరం మావారితోనే రాయిస్తాను, బద్ధకం అన్నందుకు. డబ్బు వచ్చేదాకా ఆ నలభై భోజనాలు బంద్. రేపు ఐదున్నరకు లేస్తే చాలు.