సమస్య: “అన్న యుండఁగఁ దమ్ముఁడే యవని నేలె”

తేటగీతి అనే ఛందస్సులో పాదం ఇది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూర్తి చేయడం పూరణ. విషయం రాజుగారి చిన్న కొడుకు జీవితం, బిరుదు. పురాణమైనా చరిత్రైనా సరే, అన్న బతికి ఉండాలి, తమ్ముడికి పట్టం ఎందుకొచ్చిందో పద్యంలోనే తేలాలి.

పూరణ 1 (కాకినాడ మిత్రులు)

ముదిమి గొమ్మన వలదనె మొదటి యదువు
తండ్రి కోరికఁ దలఁదాల్చెఁ దనయుఁడైన
పూరుఁ డందునఁ బట్టమ్ముఁ బొందె నాఁడు
అన్న యుండఁగఁ దమ్ముఁడే యవని నేలె

విమర్శ: ధార బాగుంది. తన ముసలితనం తీసుకోమని కొడుకుల్ని అడిగిన యయాతి కథ నాలుగు పాదాల్లో ఇమిడింది. అయితే పూరుడికి అన్నలు నలుగురు. సమస్యలో ఉన్నది ఒక్క అన్న. మిగతా ముగ్గురినీ ఒక్క మాటతోనైనా తలచుకోవాల్సింది.

రోగం వల్ల రాజ్యం దక్కని అన్న దేవాపి, రాజైన తమ్ముడు శంతనుడు, వీళ్ల మీద ఒకరు మొదలుపెట్టిన పాదం: “చర్మ రోగి దేవాపికి రాజ్య మేల”. గణాలు సరిపోయాయి, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) తప్పింది. ‘చ’కు ‘రా’ పొసగదు. “జగతి యేల” అంటే చాలు.

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మీద వచ్చిన పద్యాన్ని పక్కన పెట్టాను. అన్న ఆర్థర్ 1502లోనే పోయాడు, ఇక సమస్య ఎక్కడుంది?

పూరణ 2 (హైదరాబాద్ సోదరి)

యార్కు పురమున కధిపుఁడై హాయి నుండ
వలచి సింప్సనున్ గద్దియ వదలఁ బెద్ద
జార్జి యారవ వాఁడుగా జనులు మెచ్చ
నన్న యుండఁగఁ దమ్ముఁడే యవని నేలె

విమర్శ: ఇంగ్లండు రాజు ఐదో జార్జి రెండో కొడుకు ఆల్బర్ట్ కథ ఈ సమస్యకు అతికినట్టుంది. 1936 డిసెంబరులో అన్న ఎనిమిదో ఎడ్వర్డు వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడేందుకు గద్దె దిగాడు, తమ్ముడు ఆరో జార్జిగా ఎక్కాడు. తమ్ముడు ఏలినన్నాళ్లూ అన్న బతికే ఉన్నాడు. తమ్ముడు 1952లో పోతే, అన్న 1972 దాకా ఉన్నాడు. ‘అన్న యుండఁగ’ అన్న మాటకు ఇంతకన్నా నిండైన అర్థం దొరకదు.

నా అభ్యంతరం మొదటి పాదం మీదే. యార్క్ డ్యూక్ అంటే ఆ ఊరిని ఏలేవాడు కాదు. రాజు రెండో కొడుక్కి ఆనవాయితీగా ఇచ్చే బిరుదు, అంతే. ఐదో జార్జికి కూడా, ఆయన అన్న పోయాక, 1892లో అదే బిరుదు ఇచ్చారు. ఆల్బర్ట్‌కు 1920లో వచ్చింది. ఇక ‘హాయి’ ఎక్కడిది? ఆయనకు నత్తి. 1925లో వెంబ్లీ ఎగ్జిబిషన్ ముగింపు సభలో మాట పెగలక నరకం చూశాడు. ఆ తర్వాతే మాట సరిదిద్దే వైద్యుడు లయొనెల్ లోగ్ దగ్గర మాట సాధన మొదలుపెట్టాడు. అందుకని ఇలా మార్చమంటాను:

యార్కు బిరుదున నత్తితో నార్తిఁ గుంద

పూరణ 3 (డాలస్ మిత్రులు)

డ్యూకు రాజయ్యె, రాజేమొ డ్యూకు గాఁగ
బిరుదు మారెను గాని యా పేగు తెగదు
తానె ముందుగాఁ గన్మూసె ధరణిఱేఁడు
అన్న యుండఁగఁ దమ్ముఁడే యవని నేలె

విమర్శ: మొదటి పాదానికి చప్పట్లు. యార్క్ డ్యూక్ రాజయ్యాడు, దిగిపోయిన రాజు విండ్సర్ డ్యూక్ అయ్యాడు. ఈ తారుమారంతా ఒక్క పాదంలో పట్టారు. ‘మొ’ తర్వాత ‘డ్యూ’ వచ్చింది కాబట్టి గురువు (దీర్ఘంగా లెక్కించే అక్షరం) అవుతుందా అని ఒకరు అడిగారు. కాదు. అది వేరే పదం, సమాసం కాదు, లఘువే (పొట్టి అక్షరమే).

రెండో పాదం మాత్రం ఒప్పుకోలేను. 1937 మేలో తమ్ముడు ఇచ్చిన ఉత్తర్వుతో అన్నకు ‘హిజ్ రాయల్ హైనెస్’ అనే గౌరవ సంబోధన మిగిలింది, వదిన సింప్సన్‌కు ఆ గౌరవం దక్కలేదు. అన్న దాన్ని మనసులోంచి తీసేయలేదు. 1952లో తమ్ముడి అంత్యక్రియలకు భార్య లేకుండా ఒంటరిగా వచ్చాడు. అన్నదమ్ముల మధ్య బిరుదే గోడగా నిలిచిన చోట ‘పేగు తెగదు’ అనడం తీపి మాట. కవిగారికి నా సూచన:

బిరుదె యడ్డమై నిలువఁగాఁ బేగు తెగెను