రాజ్యాధికారం చేతికొస్తే నదులు బతుకుతాయా?

ఎర్రమట్టి: చాలా ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. ప్రకృతి విధ్వంసానికి మూలం లాభాపేక్ష అని మార్క్సిస్టులం చెబుతాం. మరి ప్రైవేటు లాభం లేని సోవియట్ రాజ్యం మధ్య ఆసియాలోని అరల్ సముద్రాన్ని ఎందుకు ఎండగట్టింది? 1960 నాటికి అది ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. దాన్ని నింపే ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను పత్తి పొలాలకు మళ్లించారు. ముయినక్ రేవులో పడవలు ఇసుకలో కూరుకుపోయాయి. ఎండిన అడుగు నుంచి ఉప్పు, పురుగుమందుల ధూళి లేచి ఊళ్ల మీద పడింది. అక్కడ పెట్టుబడిదారు ఎవరు?

నిప్పురవ్వ: ఎర్రమట్టి గారూ, అరల్‌ను నేను సమర్థించను. కానీ దాన్ని చూపి అధికారమే వద్దనుకుంటే బొగ్గు, చమురు కంపెనీలను ఆపేదెవరు? బతిమాలితే గనులు మూతపడవు. స్వీడన్ మార్క్సిస్టు ఆంద్రియాస్ మాల్మ్ 2020లో ‘పర్యావరణ లెనినిజం’ అన్నది ఇందుకే. ప్రజల ఒత్తిడితో రాజ్యాన్ని కదిలించి, దాని బలాన్ని సంక్షోభపు మూలాల మీదికి మళ్లించాలని ఆయన వాదన. మనకు అంత వ్యవధి కూడా లేదు.

గడ్డిపరక: సోవియట్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. సైబీరియా నదుల నీళ్లను మధ్య ఆసియాకు మళ్లించే పథకాన్ని 1986లో ఆపేశారు. శాస్త్రవేత్తలు, రచయితలు గట్టిగా వ్యతిరేకించిన తర్వాతే.

సాగరతీరం: మాది శ్రీకాకుళం జిల్లా. సోంపేట బీల అనే చిత్తడి నేలలో నీళ్లుంటాయి, వరి పండుతుంది, చేపలు దొరుకుతాయి. దాన్ని బంజరు భూమిగా చూసి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. 2010 జూలై 14న దాన్ని వ్యతిరేకించినవాళ్ల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. రాజ్యం ఎవరిదన్న ప్రశ్న ముఖ్యమే, కాదనను. కానీ బీలను బంజరని రాసే చెయ్యి రేపు ఎర్రజెండా పట్టుకున్నంత మాత్రాన చిత్తడి నేల విలువ దానికి తెలిసిపోతుందా? ఆ విలువ తెలిసినవాళ్లు వలలు వేసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు. వాళ్లు వద్దంటే ఆగిపోవాలన్న నియమం లేకుండా నాకు ఏ రాజ్యం మీదా నమ్మకం కుదరదు.

ఎర్రమట్టి: నేను అడగాలనుకున్నదాన్ని సాగరతీరం గారు సూటిగా చెప్పారు. కేరళ అడవి సైలెంట్ వ్యాలీనే చూడండి. అక్కడ ఆనకట్టను కేరళలోని ప్రధాన వామపక్షం కోరుకుంది. దాన్ని ఎదిరించిన, ప్రజల్లోకి సైన్సును తీసుకెళ్లే సంస్థ కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్‌లో వామపక్ష భావాలున్న ఉపాధ్యాయులే ఎక్కువ. 1984లో ఆ అడవి జాతీయ పార్కు అయింది. సొంత పార్టీ మాటకు తలవంచి ఉంటే ఆ అడవి నీళ్లలో ఉండేది. పారిస్ శ్రామికులు కొద్దికాలం నడిపిన ప్రభుత్వం పారిస్ కమ్యూన్ తర్వాత 1871లో మార్క్స్ చెప్పింది కూడా ఇదే కదా: ఉన్న రాజ్యయంత్రాన్ని ఉన్నట్టే చేతిలోకి తీసుకుని శ్రామికవర్గం తన పని జరుపుకోలేదు. అరల్‌లో జరిగింది సరిగ్గా అదే అని నా అభిప్రాయం. యజమాని మారాడు, పైనుంచి లక్ష్యాలు నిర్ణయించే యంత్రం మాత్రం మారలేదు.

నిప్పురవ్వ: యంత్రాన్ని మార్చాలన్నది ఒప్పుకుంటాను. అయితే అరల్ కథ మీరు ఆపినచోట ఆగలేదు. 1990లలో ఉత్తర అరల్‌ను కాపాడుకోవడానికి స్థానికులు తమకున్న సాధనాలతో ఇసుక కట్ట వేసుకున్నారు. 1999లో అది కొట్టుకుపోయింది. 2005లో కజకిస్తాన్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పుతో కోక్ అరల్ కట్ట పూర్తిచేశాకే నీటిమట్టం పెరిగి నిలిచింది, చేపలు తిరిగొచ్చాయి. రాజ్యం అండ లేని మంచి ఆలోచన ఇసుక కట్టలాగే నిలవలేదు.

సాగరతీరం: నిజమే. కానీ కట్ట ఎక్కడ వేయాలో ముందు చూపించింది ఆ ఇసుక కట్టే కదండీ.