ఆడపిల్ల గుర్రమెక్కే జానపదం ఏదైనా ఉంటే చెప్పండి (చర్చ)

సెలవుల అమ్మ
మా పాపకి ఎనిమిదేళ్లు. వేసవి సెలవులని మా నాన్న రోజుకో పాత జానపదం పెట్టి పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. పాతాళ భైరవి అయింది, జగదేకవీరుని కథ అయింది, మొన్న భైరవ ద్వీపం. రోజాని మాంత్రికుడు మంచంతో సహా లేపుకుపోతుంటే ఇది నా వైపు తిరిగి, "రాకుమారి ఎప్పుడూ నిద్రపోతూనో ఏడుస్తూనో ఉంటుందేంటమ్మా?" అంది. నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు నేనూ ఇవే సినిమాలు నోరు తెరుచుకుని చూశాను, ఆ అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

ఆడపిల్లే గుర్రమెక్కి, గుహలోకి వెళ్లి, మాంత్రికుడి సంగతి తేల్చే సినిమా మనకేమైనా ఉందా? ఉంటే పేర్లు చెప్పండి. ఇలాంటి ప్రశ్న మీ ఇంట్లో వచ్చి ఉంటే అదీ రాయండి.

సెకండ్ షో
అమ్మా, నాకు అరవై ఎనిమిది. తెనాలిలో నేల టిక్కెట్టు మీద పెరిగినవాణ్ణి. మీ పాప అడిగింది నూటికి నూరు పాళ్లూ నిజం. పాతాళ భైరవిలో (1951) మాంత్రికుడు మేడతో సహా ఇందుమతిని ఎత్తుకుపోతాడు. తోటరాముడు వెళ్లి తెచ్చుకుంటాడు. ఆ పిల్ల ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, మళ్లీ ఈ చేతిలోకి. మేడ ఎంతో ఆమే అంత.

ఇంకోటి గమనించండి. జగదేకవీరుని కథలో (1961) దేవకన్య స్నానం చేస్తుంటే హీరో చీర దాచేస్తాడు, ఆమె ఇక స్వర్గానికి పోలేదు. జగదేకవీరుడు అతిలోకసుందరికి (1990) వచ్చేసరికి చీర పోయి ఉంగరం వచ్చింది. శ్రీదేవి ఉంగరం పోగొట్టుకుంటుంది, అది చిరంజీవి దగ్గర ఉంటుంది. మధ్యలో ఇరవై తొమ్మిదేళ్లు. రెంటిలోనూ ఆమెకి చెందిన వస్తువు మగవాడి దగ్గర చిక్కుకుంటేనే కథ నడుస్తుంది. ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, కాదనను.

ఇక మీరడిగింది. చండీరాణి, 1953. భానుమతి గారే దర్శకత్వం, ఆవిడే ద్విపాత్రాభినయం. కవల రాకుమార్తెలు, ఒకతె కోటలో పెరుగుతుంది, ఇంకొకతె అడవిలో. అడవిలో పెరిగిన చండికి భయమన్నది తెలియదు. ఎన్టీఆర్ ఉన్నారు, కానీ బొమ్మ ఆవిడది. తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తీశారు. పాతాళ భైరవి వచ్చిన రెండేళ్లకే ఇది కూడా వచ్చింది. అంటే మనవాళ్లకి ఊహ లేక కాదు, ఆ దారిని ఎవరూ పట్టుకోలేదు.

గుంటూరు ఘాటు
సెకండ్ షో గారూ, "మేడ ఎంతో ఆమే అంత" అన్న మాట నేను కొట్టేస్తున్నాను, కేసు పెట్టకండి.

మాహిష్మతి మేస్త్రి
పాతవి వదిలేయండి. బాహుబలి చూపించండి. శివగామి పసివాణ్ణి ఒక చేత్తో పైకెత్తి ప్రాణం వదులుతుంది. దేవసేన నిండు సభలో శివగామికే ఎదురు చెబుతుంది, తన మీద చెయ్యి వేయబోయినవాడి వేళ్లు నరికేస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

పట్నం సుధ
అన్నా, దేవసేన ఒప్పుకుంటా. అవంతిక సంగతి ఏంది మరి? మొదటి భాగంలో (2015) తమన్నా దళంలో యోధురాలు, దేవసేనని విడిపించే పని ఆమెకే అప్పజెబుతరు. హీరో వస్తడు, ఆమెకి తెలియకుండ చేతి మీద బొమ్మ గీస్తడు, కొట్లాటలోనే జుట్టు విప్పి, బట్టలు మార్చి, కాటుక దిద్ది "ఇగో, నువ్వు ఆడదానివి" అన్నట్టు చూపిస్తడు. ఆ తర్వాత ఆమె పని కూడ ఆయనే తీసుకుంటడు. రెండో భాగంలో ఆమెని భూతద్దం పెట్టి వెతకాలె. అప్పుడు ఒక ఇంగ్లిష్ పత్రికలో దీని మీద గట్టి విమర్శ వచ్చింది, పెద్ద గొడవే అయింది. తమన్నా మాత్రం నాకు అట్ల అనిపించలేదన్నది. ఆమె మాట ఆమెది. నేను అప్పుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. హాస్టల్ పిల్లలం పన్నెండు మందిమి పోయినం. పాట అయినంక మా వరుసంత సైలెంట్. ఎవ్వరం ఏమీ అనుకోలేదు, బస్సులో కూడ. మూడేండ్ల తర్వాత ఒకసారి మాటల్లో వస్తే, పన్నెండు మందిలో తొమ్మిది మందికి అదే సీన్ గుచ్చుకున్నదని తెలిసింది.

మాహిష్మతి మేస్త్రి
సుధ గారూ, నేను ఆ సినిమా ఆరుసార్లు చూశాను. ఆ కోణం తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ దేవసేనని మాత్రం వదలను.

పట్నం సుధ
వదలమని ఎవరన్నరు! ఆమె ఇరవై అయిదేండ్లు గొలుసుల్లో ఉండి చితికి పుల్లలు ఏరుకున్నది. ఆ పుల్లలు ఏరుడే నాకు కత్తి యుద్ధం కంటే ఎక్కువ గుర్తుంది.

నల్లపూస
నేనెప్పుడూ రాయను, చదివి వెళ్లిపోతుంటాను. ఇవాళ రాస్తున్నా.

బాహుబలి వచ్చిన ఏడాది మా తమ్ముడు ఆరో తరగతి. మా ఇంట్లో అందరం నలుపే, వాడు ఇంకాస్త. సినిమా రిలీజైన వారానికల్లా స్కూల్లో వాడి పేరు కాలకేయ. మాస్టారు కూడా హాజరు పిలుస్తూ ఒకరోజు నవ్వుతూ అలాగే పిలిచారట. వాడు ఇంటికొచ్చి చెప్పలేదు. స్నానాల గదిలో గోకి గోకి మోచేతులు పుండు చేసుకుంటే అప్పుడు బయటపడింది.

నేను ఆ సినిమాని తిట్టడానికి రాలేదు, ప్రభాకర్ గారు ఆ వేషం ఇరగదీశారు. కానీ ఆలోచించండి. కాలకేయుల కోసం మదన్ కార్కీ కిలికి అని ఏకంగా ఒక భాష కట్టారు, దానికి వ్యాకరణం ఉంది, వందల పదాలున్నాయి. ఇంత కష్టపడి ఆ మనుషులకి ఇచ్చిన ఒంటికి మాత్రం నల్లరంగు పూసి ఊరుకున్నారు. వాళ్లకో ఊరు, ఓ ముసలమ్మ, ఓ పసిపిల్ల ఉన్నట్టు నాకు గుర్తు లేదు. కాలకేయులు భారతంలోనూ ఉన్నారు, అర్జునుడి చేతిలో చస్తారు. అక్కడ వాళ్లు రాక్షసులు. తెర మీద మాత్రం రాక్షసుడంటే మా తమ్ముడి రంగు.

వాడిప్పుడు డిగ్రీ. ఆ సినిమా టీవీలో వస్తే ఛానెల్ మార్చడు, లేచి బయటికి వెళ్తాడు.

సెలవుల అమ్మ
నల్లపూస గారూ, మీ తమ్ముడికి నా తరఫున ఏం చెప్పాలో తెలియడం లేదండీ. రాసినందుకు థాంక్స్.

చిలక ప్రాణం
పైన చెల్లెమ్మ రాసింది చదివాక నాదీ రాయాలనిపించింది. మాది కడప జిల్లా. పేరు చెప్పను గానీ, ముస్లింని. మా నాన్నకి సురభి నాటకాలంటే ప్రాణం. 1885లో మా జిల్లా సురభి ఊళ్లోనే పుట్టిన సమాజం కదా, ఆ అభిమానం. నన్ను భుజాన వేసుకుని బాలనాగమ్మకి తీసుకెళ్లారు. ఆ మెరుపులు, గాల్లో ఎగిరే మనుషులు, ఇప్పటి గ్రాఫిక్స్ ఎందుకూ పనికిరావు. మర్నాడు బడికి పోతే "ఒరేయ్ మాయల ఫకీరూ, నీ చిలక ఏడ్రా?" అని మొదలెట్టారు. పదో తరగతి దాకా అదే పేరు. కొట్టుకునేంత కోపం రాలేదు, నేనూ నవ్వేవాణ్ణి. కానీ నాటకంలో నేను కేరింతలు కొట్టింది కార్యవర్ది రాజు కొడుకు చిలకని పట్టుకున్నప్పుడు. ఫకీరు చస్తుంటే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నానే! అది మాత్రం ఎవడికీ గుర్తులేదు.

తర్వాత 2009 సంక్రాంతికి అరుంధతి వచ్చింది. షాయాజీ షిండే వేసిన అన్వర్ ఫకీరు వేషంలోనే వచ్చి, జేజమ్మ పక్కన నిలబడ్డాడు. మా ఊరి థియేటర్లో నేను వేసిన ఈల ఇంకా మోగుతుండాలి. మంత్రాలు తెలిసిన ఫకీరు మంచివాడు కావడానికి 1942 నాటి బాలనాగమ్మ నుంచి లెక్కేస్తే అరవై ఏడేళ్లు పట్టింది.

సెకండ్ షో
బాబూ, నీ బాధ నిజమే, కానీ ఒక మాట. మన సినిమాల్లో మాంత్రికుల్లో నూటికి తొంభై మంది కాళికమ్మకి దండం పెట్టేవాళ్లే. నేపాళ మాంత్రికుడు, విఠలాచార్య గారి మాంత్రికులు, అందరూ. మతం చూసి విలన్ చేశారనలేం కదా?

చిలక ప్రాణం
అది మీరన్నట్టే పెద్దాయనా. కాకపోతే కాళికి దండం పెట్టే మాంత్రికుడు చెడ్డవాడైతే, అతనికి ఎదురుగా అదే అమ్మవారికి మొక్కే హీరో ఉంటాడు. ఫకీరుకి ఎదురుగా నిలబడే ఫకీరు ఏడీ? ఉన్నది ఒక్కడే, వాడు చెడ్డవాడు. అదీ తేడా. బాహుబలిలో సుదీప్ వేసిన అస్లం ఖాన్ అంటే నాకు ఇష్టం. వచ్చేది కాసేపే, కట్టప్పకి స్నేహితుడిగా మిగిలి పోతాడు.

సెకండ్ షో
ఊఁ. ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు.

గుంటూరు ఘాటు
మగధీర మర్చిపోయారు. శ్రీహరి గత జన్మలో షేర్ ఖాన్, ఈ జన్మలో సోలమన్. అప్పుడు హీరో మీదికి దండెత్తి వస్తాడు, ఇప్పుడు హీరో ఫ్రెండు!

కెరమెరి కొండ
నేను ఆసిఫాబాద్ సైడ్. జానపదం కాకున్నా ఆర్ఆర్ఆర్ గురించి ఒక్క మాట. మా భీమ్‌ని అంత పెద్ద తెర మీద చూస్తే ఒళ్లు పులకరించింది, అబద్ధం ఎందుకు. పులితో తలపడే భీమ్, మా పిల్లలు ఇప్పటికీ ఆడుకుంటరు. కానీ చివర్ల భీమ్ చదువు అడుగుతడు, రామ్ జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాసిస్తడు. ఆ మాట భీమ్‌దే కదా! దాని కోసమే 1940 సంవత్సరంల జోడేఘాట్‌ల ప్రాణం ఇచ్చిండు. చదవడం రాయడం కూడా ఆయన నేర్చుకున్నడనే మా పెద్దలు చెప్తరు. వేరేటోళ్లు రాసిచ్చుడు ఏంది? మా తాత సినిమా అయిపోయినంక అన్నది గింతే: "బలం మనకిచ్చిండ్రు, అక్షరం ఆల్లు ఉంచుకున్నరు."

డబ్బింగ్ గొంతు
అమ్మాయిల గురించి మొదలై ఎక్కడికో వెళ్లింది, బావుంది. నేను ఓటీటీ సిరీస్‌లకి తెలుగు డబ్బింగ్ చెబుతుంటాను. పేర్లు వద్దు. ఒక విదేశీ ఫాంటసీలో ఒక రాణికి చెప్పాను. ఇంగ్లిష్‌లో రాణీ, ఆమె సేనాపతీ ఒకరినొకరు ఒకే మాటతో పిలుచుకుంటారు. తెలుగు స్క్రిప్టులో ఆమె అతన్ని "మీరు" అంటుంది, అతను ఆమెని "నువ్వు" అంటాడు. రాణిని! అడిగితే, "అతను వయసులో పెద్ద కదండీ, ఆడమనిషి నువ్వంటే వినడానికి బావుండదు" అన్నారు. గొడవపడితే ఒక ఎపిసోడ్‌లో మార్చారు. తర్వాతి ఎపిసోడ్‌కి మళ్లీ మామూలే. కాబట్టి బయటి సిరీస్‌లు పిల్లలకి తెలుగులో పెట్టేముందు ఇది కూడా చూసుకోండి. అక్కడ కత్తి పట్టుకున్న పిల్ల మన దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుంటుంది.

డాలస్ దారి
మా ఇంట్లో రివర్స్. ద రింగ్స్ ఆఫ్ పవర్ అనే ఫాంటసీ సిరీస్‌లో నల్లజాతి నటుడు ఎల్ఫ్ (మన గంధర్వుల్లాంటి జాతి) ఏంటని 2022లో ఇక్కడ చాలామంది రచ్చ చేశారు. మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో కూడా అదే వాదన, "కథలో లేనిది ఎందుకు పెట్టాలి" అని. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, పదిహేనేళ్లు. "డాడీ, ఎల్ఫ్‌లకి మన రంగు ఉండకూడదని ఆ అంకుల్‌కి ఎవరు చెప్పారు?" అన్నాడు. "మన" అన్నాడు, చూశారా. గ్రూప్‌లో ఆ మాట యథాతథంగా పెట్టాను. రెండు రోజులు గుడ్ మార్నింగ్‌లు కూడా రాలేదు.

పోలియో పాండు
నా వంతు. వికలాంగుడు తెర మీద కనపడితే శకునో మంథరో. బాహుబలిలో బిజ్జలదేవుడి చెయ్యి చూడగానే మా ఆవిడ నా వైపు చూసి "ఇతనే విలన్" అంది. కరెక్టే చెప్పింది. భైరవ ద్వీపంలో బాలకృష్ణ కురూపిగా మారే భాగం మాత్రం నాకు ఇష్టం, ఎందుకంటే అప్పుడు కూడా హీరో అతనే. అయితే శాపం పోతేనే పెళ్లి. నా కాలికి శాపవిమోచనం లేదు, పెళ్లి మాత్రం అయింది.

పట్నం సుధ
పాండు అన్నా 🙏

సెలవుల అమ్మ గారూ, మీ పాప కొంచెం పెద్దయినంక కొత్త లోక (2025, మలయాళం, తెలుగు డబ్బింగ్ ఉంది) చూపించండి. కళ్యాణి ప్రియదర్శన్ యక్షి. హీరో ఉన్నడు, పక్కింటి పిల్లగాడు, ఆమెని చూసి నోరు తెరుచుకుని నిలబడుడే పని. ఆమె చిన్నప్పటి కథ అడవి మనుషుల మీద రాజు దాడితో మొదలైతది. ఈ చర్చలో వచ్చిన రెండు సంగతులూ అందులో ఒక్కచోటే ఉన్నయి. రక్తం ఎక్కువ, ఎనిమిదేండ్లకి వద్దు. అరుంధతి కూడ అంతే, ఆగండి. కల్కిలో దీపిక పాత్ర పేరుకు బదులు నంబరుతో, కడుపుతో కథంత పరిగెత్తుతది, నాకైతే మళ్లీ మేడ ఎత్తుకుపోయినట్టే అనిపించింది. దాంట్లో శోభన చేసిన మరియం నచ్చింది.

సెలవుల అమ్మ
అందరికీ థాంక్స్. చండీరాణి దొరికింది. ప్రింటు అంత బాగా లేదు, అయినా పాప కదలకుండా చూసింది. భానుమతి గారు ఇద్దరున్నారని తెలిసేసరికి సగం సినిమా అయిపోయింది, మళ్లీ మొదటినుంచి పెట్టమంది. అవంతికకి జరిగింది పైన చదివాక బాహుబలి ఈసారి నేనూ పక్కన కూర్చునే చూపిస్తాను. నల్లపూస గారి తమ్ముడి సంగతి కూడా దానికి అర్థమయ్యేలా చెబుతాను.

సాయంత్రం నుంచి ఇంట్లో ఆట మారింది. ఇది రాకుమారి కాదట, అడవి చండి కూడా కాదట, మాంత్రికుడట. పాత దుప్పటి కప్పుకుని, గరిటె పట్టుకుని తిరుగుతోంది. రాకుమారి మా నాన్న. ఆయన్ని మంచం మీద నిద్రపోమని, కదలొద్దని ఆర్డరు. మంచంతో సహా ఎత్తుకుపోతుందట.

సెకండ్ షో
తాతయ్య గారి బరువెంతమ్మా?

సెలవుల అమ్మ
ఎనభై రెండు కేజీలండీ. నిజంగానే నిద్రపోయారు కూడా.