అప్‌డేట్: రాయగడ రాతిలో ఎర్ర గింజలు, పాత సముద్రం

ఒడిశాలోని రాయగడ దగ్గర, రోడ్డు కోసం కొండను తవ్విన కోతలో కనిపించే తుప్పురంగు రాయి, అందులోని ఎర్ర గింజలు, రెండు ఖండాలు ఢీకొని మూసుకుపోయిన సముద్రానికి సాక్ష్యమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే రాతిని మళ్లీ చూశాక తేలిందిది: సగమే సాక్ష్యం.

ఆ రాయి ఖోండలైట్. 1902లో భూగర్భ శాస్త్రవేత్త వాకర్ ఇక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టాడు. మొదట అది నీటి అడుగున పేరుకున్న బురద. అందులోని ఖనిజాలివి: ఎర్ర గింజలు గార్నెట్, తెల్లటి సూదులు సిల్లిమనైట్, వేలికి నలుపు అంటించే పొలుసులు గ్రాఫైట్. తెల్లగా ఉన్నదల్లా సిల్లిమనైట్ అనుకోవడమే నా పొరపాటు. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం వానలకు కుళ్లి తెల్లమట్టి అవుతుంది, గోరుతో గీస్తే రాలుతుంది. సిల్లిమనైట్ గోరుకు లొంగదు. అందుకే సుత్తితో పగలగొట్టి, తాజా ముఖాన్ని 10 రెట్ల లెన్స్‌తో చూడాలి.

ఆ బురద పాతిక కిలోమీటర్ల లోతుకు దిగి, 900 డిగ్రీల పైన ఉడికింది. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట తూర్పు కనుమలు, తూర్పు అంటార్కిటికా ఒకే కొండపట్టీ. ఎంత అందమైన సంగతి!

అయితే ఖండం మీది లోతట్టు పల్లంలోనూ బురద పేరుకుంటుంది. సముద్రం ఉండేదని చెప్పాలంటే దాని నేలే దొరకాలి: లోతులో చల్లబడిన గాబ్రో రాయి, పగుళ్లలో గడ్డకట్టిన నిలువు పలకలు (డైకులు), దిండ్లలా గడ్డకట్టిన బసాల్ట్ లావా వరసగా ఉండాలి. దాన్నే ఓఫియోలైట్ అంటారు. నెల్లూరు వైపు కండ్రలో సుమారు 185 కోట్ల ఏళ్లది, కనిగిరిలో 133 కోట్ల ఏళ్లది గుర్తించారు. రాయగడ కోతలో అలాంటి వరస లేదు. ఇక చూడాల్సింది పడమటి అంచు, ఈ కొండపట్టీ పక్కనున్న బస్తర్ పాత భూఖండపు రాళ్ల మీదికి ఎక్కిన చోటు.