ఫ్యాక్టరీ పేరు దొరికింది, కాంట్రాక్టర్ల పేర్లు ఎలా దొరుకుతాయి?

మా అబ్బాయికి స్నీకర్లు కొనాలి, బడ్జెట్ 3,500. ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దేశీ బ్రాండ్ నచ్చింది. "వీగన్ లెదర్, రీసైకిల్డ్ పాలిస్టర్, కార్మికులకు న్యాయమైన జీతం" అని రాసుకున్నారు. వీగన్ లెదర్ అంటే చాలావరకు పీయూ ప్లాస్టిక్కే, ఆ మాటకు నేను పడిపోను. నాకు కావల్సింది జీతాల సంగతి.

రెండుసార్లు మెయిల్ పెట్టా. మూడు వారాలకు "మేం విలువలకు కట్టుబడి ఉన్నాం" అని ఒక్క ముక్క వచ్చింది. ఫ్యాక్టరీ ఊసే లేదు.

మా ఆఫీసులో ఒకాయన దగ్గర అదే బ్రాండ్ జత ఉంది. డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తుతో ఉన్న సీఎం/ఎల్ నంబరు (తయారీ లైసెన్సు నంబరు) ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, అడ్రసు వచ్చాయి. అది వేరే కంపెనీ! ఆ పేరుతో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైట్‌లో వెతికా. పోయిన నెల 46 మందికే పీఎఫ్ కట్టారు. అంతమందే అన్ని జతలు కుడతారా? మిగతావాళ్లు కాంట్రాక్టర్ల కింద ఉంటే వాళ్ల పీఎఫ్ చాలావరకు ఆ కాంట్రాక్టర్ సొంత పీఎఫ్ కోడ్‌లో (రిజిస్ట్రేషన్ నంబరులో) పడుతుంది, ఇక్కడ కనబడదు.

ఒక ఫ్యాక్టరీకి మనుషుల్ని పంపే కాంట్రాక్టర్లు ఎవరో బయటివాళ్లం తెలుసుకునే దారి ఏదైనా ఉందా?