శనివారం బైబిల్ చరిత్ర కార్యక్రమం: హాలు ఇవ్వనన్నారు, అందరూ చూడండి

సెక్రటరీ, సోమవారం రాత్రి 9:40
అందరికీ వందనాలు. నిన్న పెట్టిన పనుల పట్టికలో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అడుగుదామని కూర్చున్నాను. ఇంతలో స్కూల్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. శనివారం ఆడిటోరియం ఇవ్వలేమన్నారు. మన ఇన్సూరెన్స్ కాగితంలో కవరేజ్ సరిపోలేదట, కొత్తది తెచ్చినా చూడటానికి పది పనిదినాలు పడుతుందట. డిపాజిట్ తిరిగి ఇస్తారు కానీ ఈ వారంలో రాదు.

కోశాధికారి, 10:05
ఖాతాలో 640 డాలర్లు ఉన్నాయి. అందులో 300 భోజనాలకు. ఇప్పుడే మూడు హాళ్ళకు మెసేజ్ పెట్టాను. ఒక్కరే జవాబిచ్చారు, 1,400 అన్నారు. అప్పు చేసి ఈ కార్యక్రమం చేయడానికి నేను ఒప్పుకోను.

వంటల బాధ్యత, 10:12
నవంబరుకు వాయిదా వేద్దాం. ఇన్సూరెన్స్ సంగతి నేను ఆగస్టులోనే అడిగాను, ఎవరూ పట్టించుకోలేదు.

సండే స్కూల్ టీచర్, 10:20
అన్నా, పిల్లలు ఆరు వారాలుగా నేర్చుకుంటున్నారు. ఎజ్రా గ్రంథం మూడో అధ్యాయంలో, చెర నుంచి తిరిగొచ్చిన యూదులు యెరూషలేము ఆలయానికి మళ్ళీ పునాది వేసే ఘట్టం ఉంది కదా. మొదటి ఆలయాన్ని చూసిన వృద్ధులు గట్టిగా ఏడుస్తారు, తక్కినవాళ్ళు సంతోషంతో కేకలు వేస్తారు, ఏది ఏడుపో ఏది సంతోషమో దూరానికి తెలియదు. ఆ ఏడ్చే ముసలాయన వేషం వేసే బాబు వాళ్ళ అమ్మమ్మ వచ్చే బుధవారం గుంటూరు వెళ్ళిపోతున్నారు. నవంబరులో ఆవిడ ఇక్కడ ఉండరు.

యూత్ లీడర్, 10:31
బబులోను చెర నుంచి తిరిగొచ్చిన ఆ యూదులు కూడా ఇలాగే ఆపేశారు. పారసీక రాజు కోరెషు అనుమతి క్రీ.పూ. 538లో వచ్చింది, పునాది పడింది, శత్రువులు అడ్డుపడగానే పని ఆగింది. 520లో హగ్గయి ప్రవక్త వచ్చి అడిగేదాకా కదల్లేదు. ‘ఇంకా సమయం రాలేదు’ అన్నది ఎవరో హగ్గయి గ్రంథం మొదటి అధ్యాయం తీసి చదవండి.

వంటల బాధ్యత, 10:34
వాక్యం తీసి నా మీద విసరకు తమ్ముడూ. రాత్రి డ్యూటీ దిగి వచ్చి డెబ్బై మందికి వండేది నేను. దేవుని పని మానేద్దామని నేను అన్నానా?

సంఘ పెద్ద, 10:50
బ్రదర్స్, ఈ రాత్రికి ఇక ఎవరూ ఏమీ రాయకండి. ప్రార్థన చేసుకుని పడుకోండి.

యూత్ లీడర్, మంగళవారం ఉదయం 7:15
అన్నా, క్షమించండి. మీకు ఫోన్ చేశాను, డ్యూటీలో ఉన్నట్టున్నారు. రాత్రి హగ్గయి మొత్తం చదివాను. గద్దించిన ప్రవక్తే వెంటనే ‘నేను మీకు తోడుగా ఉన్నాను’ అనే దేవుని మాట కూడా చెప్పాడు. నేను మొదటి సగమే పట్టుకున్నాను.

వంటల బాధ్యత, 9:02
పర్లేదు తమ్ముడూ. నేనూ టెన్షన్‌లో అనేశాను. ఏం చేద్దామో చెప్పండి.

సండే స్కూల్ టీచర్, 12:40
మా ఇంటి దగ్గర పార్కులో పిక్నిక్ షెల్టర్ ఖాళీగా ఉంది, అద్దె 90 డాలర్లు. మైకు పెట్టకూడదు, స్టవ్ వెలిగించకూడదు. మైకు లేకుండా పిల్లల గొంతు వెనకవాళ్ళకు వినబడదు, అదే నా బాధ.

సంఘ పెద్ద, 1:30
అమ్మా, నెహెమ్యా ఎనిమిదో అధ్యాయం చూడండి. అంతకుముందే 52 రోజుల్లో యెరూషలేము గోడ కట్టి, ఆరో నెల అయిన ఎలూలు 25న ముగించారు. ఏడో నెల మొదటి రోజున జనమంతా ఒకచోట చేరారు, మధ్యలో వారం కూడా తిరగలేదు. అప్పటికి ఆలయం ఉంది. అయినా వాళ్ళు కూడింది నీటి గుమ్మం ఎదుటి మైదానంలో. మగవాళ్ళు, ఆడవాళ్ళు, విని గ్రహించగల వాళ్ళందరూ వచ్చారు. యాజకుడైన ఎజ్రా కొయ్య పీఠం మీద నిలబడి పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. అక్కడ పదమూడు మంది పేర్లు రాసి ఉన్నాయి. వాళ్ళు, ఆలయ సేవ చేసే లేవీయులు జనానికి ఆ మాటల అర్థం చెప్పారు. మనమూ అలాగే చేద్దాం. ఎనిమిదేసి మంది ఒక గుంపుగా కూర్చోండి, పెద్ద పిల్లలు గుంపుకొకరు నిలబడి చదివి చెప్పాలి. మనవాళ్ళలో తెలుగు చదవలేని పిల్లలు చాలామంది ఉన్నారు, ఈ పద్ధతి వాళ్ళకే ఎక్కువ మేలు.

ఇంకో మాట. బబులోనులో దానియేలుకు ఆలయం లేదు, అది క్రీ.పూ. 586లోనే కాలిపోయింది. ముసలితనంలో, ప్రార్థిస్తే సింహాల గుహలో వేస్తామన్న ఆజ్ఞ వచ్చినా, తన ఇంట్లో యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించాడు. అంతకుముందు ఎలా చేసేవాడో అలాగే. ఆ ‘అంతకుముందు’ అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మన పిల్లలు చూడాల్సింది అది. స్టేజీ లైట్లు లేకపోయినా చూపించగలం.

కోశాధికారి, 2:05
90 కట్టేశాను. సాయంత్రం 4 నుంచి 8 వరకు మనదే.

వంటల బాధ్యత, 4:45
స్టవ్ లేకపోతే బిర్యానీ కుదరదు. పులిహోర, పెరుగన్నం, ఉడికించిన గుడ్లు ఇంట్లోనే చేసి పొట్లాలు కట్టి తెస్తాను. అదే అధ్యాయంలో, ఏమీ సిద్ధం చేసుకోలేని వాళ్ళకు భాగాలు పంపండని ఉంది. ఈ సెమిస్టర్ కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం పది పొట్లాలు ఎక్కువ చేస్తున్నాను. వాళ్ళ అపార్ట్‌మెంట్ దాకా ఎవరు తీసుకెళ్తారు?

యూత్ లీడర్, 4:50
నేను తీసుకెళ్తాను అన్నా. శుక్రవారం రాత్రి వచ్చి పొట్లాలు కట్టడానికి కూడా ఉంటాను.

సెక్రటరీ, శుక్రవారం సాయంత్రం 6:10
వాన సూచన లేదు. మడత కుర్చీలు ఉన్నవాళ్ళు తెండి, లేకపోతే దుప్పట్లు. ఏడు దాటితే చీకటి పడుతుంది, టార్చిలైట్లు కావాలి. ఎజ్రా నిలబడటానికి పీట ఎవరి దగ్గరైనా ఉందా?

సండే స్కూల్ టీచర్, 6:25
మా గరాజ్‌లో పాత కాఫీ టేబుల్ ఉంది, గట్టిదే. అమ్మమ్మగారికి మాత్రం ముందు వరసలో చేతుల కుర్చీ వేయండి, మోకాళ్ళ నొప్పి.

వంటల బాధ్యత, 9:30
చింతపండు నానబెట్టాను. తమ్ముడూ, తలుపు తీసే ఉంటుంది, వచ్చెయ్.